కాంటెస్సాకు స్పోర్ట్స్ కారు కాలిపర్లు ఎలా బిగించాలి

గువ్వలచెరువులో పాలకోవా పొట్లం కట్టించుకుని కడప వైపు ఘాట్ దిగుతున్నారనుకోండి. మొదటి మూడు మలుపుల్లో పాత కారు బ్రేకులు బుద్ధిగానే పట్టుకుంటాయి. నాలుగో దానికి పెడల్ ఇంకొంచెం లోపలికి పోతుంది. ఆ తర్వాత కిటికీలోంచి కాలిన వాసన. ఎదురుగా ఎక్కుతున్న లారీ, పక్కన లోయ. కాలిపర్లు, అంటే చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లతో రెండు వైపులా పిండే భాగాలు, మార్చి తీరాలని నేను ఒట్టు పెట్టుకున్నది అలాంటి మలుపులోనే.

నా బండి కాంటెస్సా. హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా తయారు చేసింది. అసలు రూపం బ్రిటన్‌ వాక్స్‌హాల్ వీఎక్స్‌ది. పొడవాటి బానెట్, వెనక చక్రాలకు శక్తి, బరువైన ఒళ్లు. మన దేశంలో మసిల్ కారు అనే పేరు ఎవరికైనా అతికిందంటే దీనికే. అమెరికాలో ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. 1960ల నాటి షెవర్లే కమారోల్లాంటి మసిల్ కార్లకు 1997–2004 నాటి కార్వెట్ సీ5 స్పోర్ట్స్ కారు కాలిపర్లు, 325 మి.మీ. డిస్కులు బిగించుకుంటారు. ఇంజన్‌ పుష్కలంగా ఉండి బ్రేకు చాలని బండి అక్కడా ఇక్కడా ఒకటే. మీది కాంటెస్సా కాకపోయినా కింద చెప్పే పద్ధతి మారదు, కొలతలే మారతాయి.

ఒక షరతు ముందే చెప్తాను. బ్రేకు పని ఎప్పుడూ చేయనివాళ్లు ఇది చదివి ఒంటరిగా మొదలుపెట్టొద్దు. చెయ్యి తిరిగిన మెకానిక్‌ను పక్కన పెట్టుకోండి.

కొనే ముందు పాతది బాగు చేయండి

చాలామంది కాలిపర్లు కొన్నాకే బండి వైపు చూస్తారు. ముందు వెనక డ్రమ్ములు విప్పండి. షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు కింద తడి ఉందా, షూలు అరిగాయా, డ్రమ్ము లోపల గట్టు పడిందా చూడండి. రబ్బరు హోసులు ఇరవై ఏళ్ల నాటివైతే లోపల ఉబ్బి దారి మూసుకుంటాయి. కాలి బలాన్ని పెంచి ఇచ్చే బూస్టర్ పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడ్డాక కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు.

ఇవన్నీ సరిచేసి, మంచి ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్ వేశాక కడప ఊళ్లో మాత్రమే తిరిగే బండికి ఇక అవే చాలు. డబ్బు మిగుల్చుకోండి. ఘాట్లు దిగేవాళ్లు, బెంగళూరు దాకా పోయొచ్చేవాళ్లు ముందుకు చదవండి.

వేడి లెక్క

కాలిపర్ బండిని ఆపదు. పిండుతుంది, అంతే. బండి వేగాన్ని వేడిగా మార్చి మోసేది డిస్కు. మనుషులు, సామాన్లతో కలిపి 1,500 కిలోల బండి 200 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 29 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. ఆ వేడంతా ముందు డిస్కుల్లోకే పోయిందనుకుందాం. పాత సన్న ప్లేట్లు రెండూ కలిపి 8 కిలోలైతే అవి 800 డిగ్రీలు ఎక్కుతాయి. గాలి సందులున్న మందపాటి డిస్కులు రెండూ కలిపి 14 కిలోలైతే సుమారు 450. నిజానికి గాలి కొంత, వెనక డ్రమ్ములు కొంత, ఇంజన్ కొంత పంచుకుంటాయి కాబట్టి అంత దూరం పోదు. కానీ రెంటికీ ఉన్న తేడా మాత్రం నిజం.

అందుకే ముందు డిస్కును ఎంచుకోండి, దానికి తగ్గ కాలిపర్‌ను తర్వాత. ఎర్ర రంగు చూసి కాలిపర్ కొని, దానికి డిస్కు వెతుక్కోవడం తలపాగా కొని తల వెతుక్కున్నట్టే.

పిస్టన్ల లెక్క

నాలుగు పిస్టన్లంటే నాలుగింతల పట్టు అని మన దగ్గర ఒక నమ్మకం. లెక్క వేసి చూడండి. నాలుగు పిస్టన్ల స్థిర కాలిపర్‌లో ప్యాడ్‌ను తోసే పిస్టన్లు డిస్కుకు అటు రెండు, ఇటు రెండు ఉంటాయి. ఒక వైపు రెండింటినే లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కోటి 40 మి.మీ. అయితే వైశాల్యం 2,513 చదరపు మి.మీ. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ లాంటి బండ్లలో కనిపించే 54 మి.మీ. ఒంటి పిస్టన్, జరిగే రకం (పిస్టన్ లోపలి వైపే ఉండి, కాలిపర్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగేది) కాలిపర్‌కు 2,290. తేడా పది శాతమే. నాలుగు పిస్టన్ల దానిలో ప్యాడ్ సమంగా అరుగుతుంది, కాలిపర్ వంగడం తక్కువ, చూపుకూ బాగుంటుంది. కానీ లోపలి వైపు, బయటి వైపు రెండు చోట్లా జాగా అడుగుతుంది. జరిగే రకానికి బయటి వైపు ఉబ్బు తక్కువ కాబట్టి పాత చక్రం లోపల తేలిగ్గా ఇముడుతుంది. నా బండికి నేను ఒంటి పిస్టన్‌ది, 312 మి.మీ. వ్యాసం, 25 మి.మీ. మందం ఉన్న డిస్కు ఎంచుకున్నాను. చూసిన మిత్రులకు కాస్త నిరాశే.

చక్రం సంగతి కూడా ఇక్కడే తేలిపోవాలి. 312 డిస్కుకు 16 అంగుళాల చక్రం, అదీ లోపలి రూపాన్ని బట్టి. 325 డిస్కుకు 17. కాంటెస్సా కంపెనీ చక్రాల్లో ఇవేవీ పట్టవు. ఆ ఖర్చు లెక్కలో వేసుకోకుండా డిస్కులు కొంటే అవి అటక మీదే ఉంటాయి.

కొలతలు

వెర్నియర్, స్టీల్ స్కేలు, అట్టముక్కలు, ఒక నోట్‌బుక్కు చాలు. బండిని గట్టి చదును నేల మీద, జాకీ మీద కాదు, స్టాండ్ల మీద నిలపండి. కొలవాల్సినవి ఇవి: హబ్ (చక్రం బిగిసే మధ్య భాగం) నడుమ గుండ్రటి గుబ్బ వ్యాసం, స్టడ్ల (చక్రం నట్లు పట్టే మరల కడ్డీల) వలయం, హబ్ ముఖం నుంచి నకిల్ (హబ్‌ను మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగం) మీద కాలిపర్ బిగించే చెవుల దాకా దూరం, ఆ చెవుల రంధ్రాల మధ్య దూరం, రంధ్రం సైజు.

నాలుగు స్టడ్లుంటే ఎదురెదురు స్టడ్ల మధ్య దూరమే వలయం కొలత. ఐదుంటే పక్కపక్క రెండింటి మధ్య దూరాన్ని 1.701తో గుణించండి. కొత్త డిస్కు వలయం మీ హబ్‌తో కలవకపోతే డిస్కుకు కొత్త రంధ్రాలు వేయించాలి. వేయించవచ్చు, కానీ పాత రంధ్రాలకూ కొత్తవాటికీ మధ్య లోహం బాగా మిగలాలి. డిస్కు మధ్య రంధ్రం హబ్ గుబ్బ కంటే పెద్దదైతే లేత్ మీద స్టీలు రింగు చేయించి ఖాళీ పూడ్చండి. డిస్కును మధ్యలో నిలిపేది ఆ గుబ్బే. స్టడ్లను నమ్ముకోవద్దు.

డిస్కును హబ్ మీద నట్లతో బిగించి డయల్ గేజ్ పెట్టి తిప్పండి. ఊగు 0.05 మి.మీ. లోపల ఉంటే సంతోషం, 0.1 దాటితే పెడల్ కింద వణుకు తప్పదు. చాలాసార్లు తప్పు డిస్కుది కాదు, హబ్ ముఖం మీద పేరుకున్న తుప్పుది. ఎమరీ కాగితంతో తుడిచి మళ్లీ చూడండి.

పాత కాలిపర్ కొంటే

కడప నుంచి రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు పోయి పాత సామాన్ల షాపుల్లో వెతికితే ఇలాంటి కాలిపర్లు దొరుకుతాయి. నేను వెళ్లిన ఒక షాపులో జత అని చెప్పి రెండూ ఎడమ వైపువే చేతిలో పెట్టారు. ఇంటికొచ్చాక చూసుకున్నా. కాబట్టి కౌంటర్ మీదే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి ఇంకోదానికి అద్దంలో నీడలా ఉండాలి.

ఇంటికి తెచ్చాక పూర్తిగా విప్పండి. పిస్టన్ బయటికి రాకపోతే ఆయిల్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి కొద్ది కొద్దిగా కొట్టండి. ఎదురుగా చెక్కముక్క అడ్డం పెట్టండి, వేళ్లు మాత్రం పెట్టొద్దు. తూటాలా వస్తుంది. పిస్టన్ మీద గుంటలుంటే కొత్తది వేయండి, తుప్పు గీకి పాలిష్ పట్టి సరిపెట్టొద్దు. చతురస్రపు అంచు రబ్బరు సీలు కొత్తదే వేయాలి. బ్రేకు వదిలాక పిస్టన్‌ను వెనక్కి లాగేది ఆ రబ్బరే. శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్ గానీ కొత్త బ్రేక్ ఆయిల్ గానీ వాడండి. పెట్రోలు, కిరోసిన్, ఇంజనాయిలు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది, అప్పటినుంచి బ్రేకు పట్టుకున్నది వదలదు.

బ్రాకెట్

మొత్తం పనిలో ప్రాణం ఇదే. తొందర వద్దు. నాకు మూడు ఆదివారాలు పట్టింది.

డిస్కు హబ్ మీద బిగించండి. ప్యాడ్లు వేసిన కాలిపర్‌ను డిస్కు మీద ఎక్కించి, ప్యాడ్ పై అంచు డిస్కు అంచుతో సమంగా ఉండేలా జరపండి. ప్యాడ్ బయటికి పొడుచుకొస్తే అరిగే కొద్దీ దానికి గట్టు పడుతుంది. మరీ లోపలికి పోతే డిస్కు అంచు వృథా. జరిగే రకం కాలిపర్‌ను పట్టి ఉంచే క్యారియర్ డిస్కుకు సరిగ్గా మధ్యన, సమాంతరంగా నిలవాలి. ఆ స్థితిలో తాత్కాలికంగా కట్టేసి, నకిల్ చెవులకూ క్యారియర్ రంధ్రాలకూ మధ్య ఏ ఆకారం కావాలో అట్ట మీద గీయండి. అట్ట కుదిరాక ప్లైవుడ్ ముక్కతో చేసి బిగించి చూడండి. చక్రం ఎక్కించి తిప్పండి. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. కాలిపర్‌కూ చక్రానికీ మధ్య కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. వేడికి లోహం సాగుతుంది, మలుపులో చక్రం వంగుతుంది. గమ్ అంటించి పెట్టే బ్యాలెన్స్ బరువులు లోపల ఎక్కడ అతికిస్తారో అది కూడా చూసుకోండి.

అప్పుడు స్టీలుకు పోండి. నేను 12 మి.మీ. మందం ప్లేటు వాడాను. కడపలో లేత్ షాపు భాయ్ అట్ట చూసి, "ఎనిమిది మి.మీ. పట్టీ చాలన్నా, నకిల్‌కు వెల్డింగ్ కొట్టిస్తా, అరగంటలో అయిపోతాది" అన్నాడు. "నా పిల్లోళ్లు కూచునే బండి భాయ్" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు, కళ్లద్దాలు పెట్టుకుని వెర్నియర్ తీశాడు. నకిల్ మీద ఎప్పుడూ వెల్డింగ్ చేయొద్దు. వేడి పడిన చోట లోహం గుణం మారిపోతుంది, పగులు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు. బ్రాకెట్ కూడా ఒకే ముక్క నుంచి కోయించాలి, రెండు ముక్కలు అతికించినది వద్దు. లేజర్ కటింగ్ అందుబాటులో ఉంటే అట్ట ఆకారాన్ని డ్రాయింగ్ గీయించి ఇవ్వండి.

రంధ్రం మధ్య నుంచి ప్లేటు అంచుకు బోల్టు వ్యాసానికి రెట్టింపు దూరం వదలండి. బోల్టులు తల మీద 10.9 (బలం తరగతి) అని అచ్చుపడ్డవే. స్టెయిన్‌లెస్ బోల్టు మెరుస్తుంది గానీ మామూలుగా దొరికేది అంత బలమైనది కాదు. మర ఉన్న భాగం రంధ్రంలో కోతకు గురవకుండా, నున్నటి కాండం రంధ్రంలో నిలిచేంత పొడవు ఎంచుకోండి. స్టీల్లో మర కనీసం బోల్టు వ్యాసమంత లోతు పట్టాలి. ఎం 12, 10.9 బోల్టుకు సుమారు 110–120 న్యూటన్ మీటర్ల బిగింపు, టార్క్ రెంచితో, నీలం రంగు త్రెడ్ లాకర్ వేసి. బిగించాక బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదికి పెయింటు గీత గీయండి. తర్వాత బోల్టు కదిలిందా లేదా ఆ గీతే చెప్తుంది.

కాలిపర్ డిస్కు మధ్యకు రాకపోతే గట్టి ఉక్కు షిమ్ములతో (సన్నటి రేకులతో) సర్దండి. మామూలు వాషర్లు నాలుగు పేర్చడం సర్దుబాటు కాదు.

హోసులు, పైపులు

ఇక్కడ మోసపోయేది మరల దగ్గర. పాత బ్రిటిష్ సంతతి బండ్లలో 3/8 అంగుళం, అంగుళానికి 24 మరల నట్లు కనిపిస్తాయి. కొత్త కాలిపర్‌ది ఎం 10, 1 మి.మీ. మర. రెండూ కవలల్లా ఉంటాయి, ఒకదాంట్లో ఇంకోటి రెండు మూడు చుట్లు తిరుగుతుంది కూడా. బలవంతంగా బిగిస్తే ఆ పూటకు కారదు, ఘాట్‌లో ఊడుతుంది. పైపు కొస ఆకారమూ వేరు: ఒకదానికి మడిచి రెట్టింపు చేసిన గరాటు, ఇంకోదానికి బుడగ. మర కొలిచే గేజ్ కొనండి, ఖర్చు పెద్దగా ఉండదు.

హోసును కాలిపర్‌కు పట్టి ఉంచే బాంజో బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయాలి, పాతవి కాల్చి వాడొద్దు. హోసు పొడవు బండి కింద పడుకుని తేల్చండి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, పూర్తిగా పైకి లేచినప్పుడు, స్టీరింగ్ రెండు కొసల్లోనూ హోసు లాగకూడదు, మెలి పడకూడదు, టైరుకు రాసుకోకూడదు.

మాస్టర్ సిలిండర్, వెనక బ్రేకు

పాత కాలిపర్ పిస్టన్ 51 మి.మీ., డిస్కు 250 అనుకుందాం. కొత్తది 54, 312. ప్యాడ్ పట్టేది డిస్కు అంచుకు కాస్త లోపల కాబట్టి ఆ చోటునుంచి లెక్క వేస్తే, అదే ఒత్తిడికి ముందు బ్రేకు బలం సుమారు 45 శాతం పెరుగుతుంది. ఆయిల్ మాత్రం 12 శాతమే ఎక్కువ కావాలి, అది పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసేది) ఇవ్వగలదు. 40 మి.మీ. నాలుగు పిస్టన్ల దానికి 23 శాతం ఎక్కువ కావాలి కాబట్టి పెడల్ లోతుకు పోతుంది. అప్పుడు 13/16 అంగుళం మాస్టర్ బదులు 7/8 వేస్తే ఆయిల్ 16 శాతం పెరుగుతుంది, కానీ కాలి బలం అదే మేర ఎక్కువ అడుగుతుంది. లెక్క వేయకుండా పెద్ద మాస్టర్ కొనొద్దు.

ముందు చక్రాలకు డ్రమ్ములున్న బండికి డిస్కు పెడుతుంటే ఇంకో సంగతి. డ్రమ్ము మాస్టర్లలో కొంత ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. ముందు లైన్లో అది తీసేయకపోతే ప్యాడ్లు ఎప్పుడూ డిస్కును రాస్తూనే ఉంటాయి.

ముందు బలం పెరిగినప్పుడు వెనకా పెంచాలని చెయ్యి దురద పుడుతుంది. ఆగండి. గట్టిగా తొక్కినప్పుడు ముందు చక్రాలే మొదట లాక్ కావాలి. వెనకవి మొదట లాకయితే బండి తిరిగి అడ్డం పడుతుంది. వెనక బలం తగ్గించే వాల్వు ఉంటే పాతది అలాగే వదిలి, ఖాళీ మట్టిరోడ్డు మీద తక్కువ వేగంతో, పక్కన ఒక మనిషిని నిలబెట్టి ఏ చక్రం ముందు ఆగుతోందో చూడమనండి.

గాలి తీయడం

పైపుల్లో చిక్కిన గాలి తీయడానికి డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్, సీలు తెరవని డబ్బా. కొత్త డాట్ 4 మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర. తేమ పీల్చాక అది 155కు పడిపోగలదు. కడప ఎండల్లో ఘాట్ దిగే బండికి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చండి. సిలికాన్ రకం డాట్ 5 మాత్రం ఇందులో కలపొద్దు. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

మాస్టర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలు. మన కుడి స్టీరింగ్ బండ్లకు వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి. ఒకరు తొక్కి పట్టాలి, ఒకరు నిప్పల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) వదిలి మూయాలి. నిప్పల్ మూసేదాకా తొక్కినవాళ్లు కాలు తీయకూడదు. మాస్టర్ డబ్బా ఖాళీ కానివ్వొద్దు.

నేను ఈ పనికి రెండు డబ్బాలు పోసినా పెడల్ స్పాంజిలాగే ఉండింది. మాస్టర్‌ను తిట్టుకున్నా, హోసులను అనుమానించా. పక్క షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాడు వచ్చి వంగి చూసి, "అన్నా, నిప్పల్ నేల చూస్తాంది. గాలి పైకి పోతాదా, కిందికి పోతాదా?" అన్నాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసిపెట్టాను. నిప్పల్ ఎప్పుడూ కాలిపర్ పై కొసనే ఉండాలి. మార్చి బిగించాక అరగంటలో పెడల్ రాయిలా నిలిచింది. పాలకోవా పొట్లం ఒకటి ఆ కుర్రాడికి పోయింది.

పెడల్ గట్టిపడ్డాక బలంకొద్దీ ఒక నిమిషం తొక్కి పట్టి, ఇంకొకరితో ప్రతి అతుకూ తెల్ల కాగితంతో తుడిపించండి. తడి మరక కనిపిస్తే బండి కదలకూడదు.

ప్యాడ్లు కుదురుకోవడం

తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకోండి. మొదట 20 కి.మీ. వేగంలో నాలుగైదు సార్లు ఆపి చూడండి. ఆ తర్వాత 60 నుంచి 15 దాకా గట్టిగా తగ్గించడం, మళ్లీ అందుకోవడం, ఎనిమిది పదిసార్లు. మధ్యలో పూర్తిగా ఆపొద్దు. చివర పది నిమిషాలు బ్రేకు తాకకుండా తోలి చల్లార్చండి. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి నిలబెడితే ఆ చోట ముద్ర పడి తర్వాత వణుకు వస్తుంది.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపు ఐదేళ్లకోసారి, అప్పుడు బ్రేకులు పరీక్షకు నిలబడాలి. కాబట్టి పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్‌ను కలిసి ఏం మారుస్తున్నారో చెప్పండి, ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. పాత భాగాలు అమ్మేయకండి. యాభై ఏళ్లు నిండి, అసలు రూపంలో ఉన్న బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. 1984 నాటి కాంటెస్సాకు ఆ వయసు 2034లో నిండుతుంది. ఆ ఆశ ఉన్నవాళ్లు పాతవన్నీ గ్రీజు పూసి గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. నకిల్‌ను కోయకుండా, వెల్డింగ్ చేయకుండా బ్రాకెట్ చేయమన్నది అందుకు కూడా.

మొదటి ఘాట్

వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాలు విప్పి బోల్టుల మీద పెయింటు గీతలు చూడండి. ఆ తర్వాతే ఘాట్‌కు పోండి, అప్పుడైనా రెండో గేరులో. కింద బండి ఆపగానే ముందు చక్రాల దగ్గరికి అరచెయ్యి పెట్టి చూడండి, డిస్కును తాకొద్దు. రెండు వైపులా వేడి ఒకేలా కొట్టాలి. ఒక వైపే భగభగమంటే ఆ వైపు కాలిపర్ జారే పిన్ను పట్టేసినట్టు. విప్పి, తుడిచి, రబ్బరుకు సరిపడే సిలికాన్ గ్రీజు పెట్టి మళ్లీ బిగించండి.